సిమ్యులేటర్ గది నుంచి రాజోలు రేవు దాకా

కోనసీమకు నేను సెలవు పెట్టి వెళ్ళానే గాని, సరదాకు వెళ్ళలేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక జూన్ నెల మొదట్లో, రాజోలు దగ్గర ఊళ్ళో ఉన్న ప్రభాకర్ అనే సైనికుణ్ణి ఒకే ఒక్క మాట అడగడానికి వెళ్ళాను. అటువైపు చూడనివాళ్ళ కోసం, ముఖ్యంగా నాలాగా పాఠాలు చెప్పుకుని బతికేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. మాది వరంగల్ జిల్లా. హైదరాబాదులో సైనికులకు శిక్షణ ఇచ్చే ఒక స్కూల్లో సివిలియన్ మాస్టారుగా పనిచేసేవాణ్ణి. వరదల్లో చిక్కుకున్న జనాన్ని బోట్లలో బయటికి తేవడం నేర్పడానికి మా దగ్గర ఒక గది ఉండేది. మధ్యలో స్ప్రింగుల మీద నిలబెట్టిన బోటు, మూడు గోడల మీదా నీళ్ళ బొమ్మ. హ్యాండిల్ ఎటు తిప్పితే గోడ మీద నీళ్ళు అటు తిరుగుతాయి, బోటు ఒరుగుతుంది. దాన్ని సిమ్యులేటర్ గది అనేవాళ్ళం. యంత్రాలు వేరేవాళ్ళు చేశారు. అందులో ఏ పాఠం ముందు, ఏది తర్వాత, తప్పు చేసినవాడికి ఏం చెప్పాలి, మార్కులెలా వెయ్యాలి, అదంతా నేను తయారుచేసిందే.

ఆ గదిలో ప్రభాకర్ అందరికంటే ముందుండేవాడు. నూటికి తొంభై ఏడు. అలాంటివాడు నిజమైన నీళ్ళలో మొదటి పెద్ద అభ్యాసం రోజున, బోటు ప్రవాహానికి అడ్డం తిరిగినప్పుడు, హ్యాండిల్ వదిలేశాడు. చెయ్యి జారలేదు. వదిలేశాడు. ఒడ్డున నిలబడి నేను కళ్ళారా చూశాను. బోటు బోల్తా పడింది. అతని భుజం ఎముక విరిగింది. బోటులో ఉన్న మిగతా ముగ్గురిలో ఒకతను నీళ్ళు మింగి నాలుగు రోజులు స్పృహ లేకుండా ఆస్పత్రిలో ఉన్నాడు. బతికాడు.

ప్రభాకర్ ఆస్పత్రి మంచం మీద నుంచే ఒక్క వాక్యం రాసిచ్చి, సెలవు మీద ఇంటికి వెళ్ళిపోయాడు. "తప్పు నాదే." విచారణకు ఇంక పది రోజులుంది. ఆ వాక్యం అలాగే ఉంటే అతన్ని బోటు పని నుంచి తీసేస్తారు. ఆ వెంటనే అదే గదిలోకి, అవే పాఠాలకు, నలభై మంది కొత్త బ్యాచ్ వస్తుంది. తొంభై ఏడు తెచ్చుకున్నవాడి చెయ్యి ఎందుకు వదిలిందో తెలియకుండా ఆ నలభై మందికి నేనేం చెప్పాలి?

మా కల్నల్ గారిని అనుమతి అడిగాను. "వెళ్ళండి. కానీ రాసిచ్చింది మార్చమని మాత్రం అడక్కండి. అడిగారని తెలిస్తే విచారణ మీ మీద జరుగుతుంది" అన్నారు.

రావులపాలెం

రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాను. రావులపాలెం ముందు గోదావరి వంతెన వచ్చింది. నాకు ఈత రాదు. మా వైపు నీళ్ళంటే చెరువు, బావి. ఎంతసేపటికీ అవతలి ఒడ్డు రాని నీళ్ళను కిటికీలోంచి చూస్తూ ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను. ఈ నీళ్ళ గురించి నేను పాఠాలు రాశానా అనిపించింది.

రావులపాలెం బస్టాండు దగ్గర ఎటు చూసినా అరటి గెలలే. లారీలకు ఎక్కిస్తున్నవి, దించుతున్నవి, సైకిళ్ళకు వేలాడుతున్నవి. మా ఊళ్ళో డజను కొనే డబ్బుకు ఇక్కడ రెండు చేతులా పట్టుకోలేనన్ని ఇచ్చారు. అక్కడే నా పక్క సీట్లో నలభై ఏళ్ళ మనిషి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. పేరు సూరిబాబు. మస్కట్‌లో క్రేను నడుపుతాడట, సెలవు మీద వచ్చాడు.

"ఎక్కడిదాకా అండీ?"

"రాజోలు."

"ఆయ్. చుట్టాలాండీ?"

"మా స్టూడెంటు."

స్టూడెంటు దగ్గరికి మాస్టారు వెళ్ళడమేమిటని ఆశ్చర్యపోయి, నేనేం నేర్పుతానో అడిగాడు. గది సంగతి చెప్పాను. ఆయన నవ్వేశాడు.

"మాక్కూడా అంతేనండి. గదిలో కూకోబెట్టి బొమ్మ క్రేను మీద నేర్పేరు. ఫస్టొచ్చేను. మర్నాడు నిజం క్రేను ఎక్కితే కాళ్ళొణికిపోయేయండి. చెయ్యి కదిలితే ఒట్టు."

"మరి ఎలా అలవాటైంది?"

"కేరళ ఆయన ఒకాయన పక్కన కూకునేవోడండి. ఏం మాటాడేవోడు కాదు. ఉండేవోడంతే."

కొత్తపేట

సూరిబాబు కొత్తపేటలో దిగుతూ, బొండం తాగకుండా పోతే ఊరుకోనని నన్నూ దింపాడు. బొండం ఐదు రూపాయలు. హైదరాబాదులో అంత రుచి లేనిదానికే పది తీసుకుంటారు. నీళ్ళు తాగి, లేత కొబ్బరి గీకి పెడితే తింటూ, కేరళ ఆయన గురించి ఇంకో ప్రశ్న అడగబోతుండగా బస్సు కదిలింది. నా సంచీ బస్సులో ఉంది. అందులో ప్రభాకర్ మార్కుల కాగితాలు, విచారణకు సంబంధించిన నకళ్ళు ఉన్నాయి. అవి పోతే నా ఉద్యోగానికి నూకలు చెల్లినట్టే. బొండం వదిలేసి పరుగెత్తాను. నా వెనకాల సూరిబాబు, ఆయన వెనక కత్తి చేత్తో పట్టుకుని బొండాలాయన, ముగ్గురం "ఆపండోయ్" అని అరుస్తూ పరుగు. కండక్టరు చూసి బెల్లు కొట్టాడు.

"కంగారేంటండీ మేష్టారూ, మీ సంచీని మేవేం చేసుకుంటావండీ" అన్నాడు. బస్సంతా నవ్వింది. సంచీని మాత్రం అమలాపురం దాకా ఒళ్ళోంచి దించలేదు.

అమలాపురం

ఆ పూట అమలాపురంలో లాడ్జిలో దిగాను. ప్రభాకర్ వాళ్ళ ఇంటికి టెలిఫోను లేదు. పక్కింటి నంబరు స్కూలు రికార్డుల్లో ఉంటే రాసుకొచ్చాను. సాయంత్రం ఎస్టీడీ బూతు నుంచి చేశాను. పిలుచుకొస్తామని చెప్పి, పది నిమిషాలాగి చెయ్యమన్నారు. ఆ పది నిమిషాల్లో ఏమనాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. రెండోసారి ఎత్తింది ఒక ఆడమనిషి. ప్రభాకర్ తల్లి మేరీ రత్నం గారు, ఎలిమెంటరీ స్కూలు టీచరు.

నా పేరు చెప్పాను.

"మీరేనాండీ, ఆ గది మేష్టారు?"

"అవునమ్మా."

"రేపు భోజనానికి రండి" అని పెట్టేశారు.

అది పిలుపో, బెదిరింపో గొంతును బట్టి పోల్చుకోలేకపోయాను. రాత్రంతా ఆ మూడు మాటలే చెవుల్లో తిరిగాయి.

అంబాజీపేట మీదుగా

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. అంబాజీపేటలో బస్సు ఆగినప్పుడు పొట్టిక్కలు తిన్నాను. పనసాకులతో బుట్టలు కుట్టి, వాటిలో పిండి పోసి ఆవిరి మీద ఉడికించిన ఇడ్లీలు. ఆకు విప్పితే వచ్చే ఆ వాసన ఇంకెక్కడా దొరకదు. ఇంకో రోజైతే నాలుగు తినేవాణ్ణి. ఆ పూట ఒకటి దిగడమే కష్టమైంది.

గన్నవరం అక్విడక్టు దాటి, రాజోలు చేరి, అక్కడి నుంచి ఆటోలో కొంత దూరం వెళ్ళి, తొందరపడి ఒక స్టాపు ముందే దిగేశాను. కాలవ గట్టు మీద నడవాల్సి వచ్చింది. ముందు రోజు వాన పడింది. నల్ల మట్టి చెప్పును పట్టుకుని వదల్లేదు. లాగితే ఉంగటం తెగింది. మా వైపు దారి అడిగితే చెయ్యి చూపించి తమ పని చూసుకుంటారు. ఇక్కడ ప్రభాకర్ ఇల్లు అడిగితే ఒక పెద్దావిడ, "వాళ్ళ నాన్న దానియేలు గారింటికాండీ? రండి" అని పనీ పాటా వదిలి గుమ్మం దాకా వెంట వచ్చింది. దారంతా ప్రభాకర్ మంచివాడని చెబుతూనే ఉంది. "ఏం జరిగిందో తెలీదు గానండీ, వచ్చిన కాణ్ణించీ రేవు వైపు తల తిప్పటం లేదు" అంది.

ఇలా తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో ఆ ఇంటి ముందు నిలబడ్డాను.

టీచరమ్మ గారి భోజనం

ప్రభాకర్ నన్ను చూసి లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఎడమ చెయ్యి ఇంకా పూర్తిగా లేవడం లేదు. తండ్రి దానియేలు గారు రేవులో పంటు నడిపే సరంగు. బస్సులనూ మనుషులనూ ఏరు దాటించే పెద్ద పడవను వాళ్ళు పంటు అంటారు. ముప్పై ఏళ్ళు ఆ పని చేసి రిటైరయ్యారు. కాళ్ళకు నీళ్ళిచ్చి, చెప్పు తీసుకుని, సూదీ దారం తెచ్చి ఆయనే కుట్టడం మొదలుపెట్టారు.

రొయ్యల వేపుడు, మామిడికాయ పప్పు, గడ్డపెరుగు. మేరీ రత్నం గారు దగ్గరుండి కొసరి కొసరి వడ్డించారు. కోపంగా ఉన్నవాళ్ళు అంత మర్యాదగా అన్నం పెట్టగలరని నాకు అప్పటిదాకా తెలీదు. నేను పెరుగన్నంలోకి వచ్చేదాకా ఆగి అడిగారు.

"మా వాడు మీ గదిలో తప్పు చేస్తే మీరేం చేసేవారండీ?"

"వెంటనే చెప్పేవాళ్ళం. తప్పు ముదరకుండా అక్కడికక్కడే సరిదిద్దేవాళ్ళం." కొంచెం గర్వంగానే చెప్పాను.

"నేను ఒకటో క్లాసు చెప్తానండి. కొత్తలో నేనూ అంతే. పిల్లాడు అక్షరం వంకర తిప్పగానే తప్పనేదాన్ని. కొన్నాళ్ళకి వాళ్ళు పలక వైపు చూట్టం మానేసేరండి. ఒక గీత గీసి నా మొహం చూసేవారు. ఇంకో గీత గీసి మళ్ళీ నా మొహం."

ప్రభాకర్ తలొంచుకుని అన్నం కలుపుతున్నాడు. భోజనాలయ్యాక అరుగు మీద అతన్ని మెల్లగా అడిగాను. "ఆ రోజు చెయ్యి ఎందుకు వదిలావు?"

"తప్పు నాదేనండి సార్" అన్నాడు. ఎలా అడిగినా అదే మాట. నాలుగోసారి అడగడానికి నాకే సిగ్గేసింది. వచ్చిన పని అయిపోయినట్టే అనుకున్నాను.

రేవు

ఎండ తగ్గాక దానియేలు గారు లేచారు. "లంకలో మన కొబ్బరి చెట్లున్నాయండి. చూసొద్దాం రండి మేష్టారూ." ఏటి మధ్యలో మేట వేసిన దిబ్బను లంక అంటారు. కొడుకు వైపు తిరిగి, "నువ్వూ రా నాన్నా. ఊరికే కూకుందువు గాని" అన్నారు. ప్రభాకర్ చాలాసేపు కదల్లేదు. తర్వాత చొక్కా వేసుకుని వచ్చాడు. నేను వద్దనాలనుకున్నాను. నీళ్ళ పాఠాలు చెప్పే మాస్టారు నీళ్ళకు భయపడుతున్నానని ఎలా చెప్పను?

గోదావరి వశిష్ఠ పాయ ఆ సాయంత్రం గోధుమరంగులో ఉంది. సముద్రం దగ్గర కావడంతో పోటు వస్తే నీళ్ళు వెనక్కి నడుస్తాయి. చిన్న ఇంజను బిగించిన చెక్క పడవ. దానియేలు గారు వెనక చుక్కాని పట్టుకున్నారు. నేను మధ్యలో బల్లను రెండు చేతులా పట్టుకున్నాను. ప్రభాకర్, తండ్రి పక్కన, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

సగం దూరం పోయాక ఒక పెద్ద పంటు మా ముందు నుంచి దాటింది. దాని వెనక వచ్చిన అలకు మా పడవ ముక్కు పైకి లేచి కింద పడింది. ఇంజను దగ్గి ఆగిపోయింది. పడవ పక్కకు తిరగడం మొదలుపెట్టింది. నీళ్ళు ఒక పక్క నుంచి లోపలికి వచ్చి నా పంచె తడిపాయి.

"ఆపండి! ఆపండి!" అని అరిచాను. ఆ అరుపు నాదేనని కూడా నాకు తెలీలేదు.

"నీళ్ళ మీద ఎక్కడ ఆపుతామండీ మేష్టారూ" అన్నారు దానియేలు గారు, గొంతు పెంచకుండానే. ఇంజను తాడు లాగాలంటే ఆయనకు రెండు చేతులూ కావాలి. చుక్కాని వదిలి, "నాన్నా, పట్టుకో" అన్నారు.

ప్రభాకర్ దాని వైపు చూశాడు. ఆ చూపు నేను ఎరుగుదును. ఆ రోజు బోటులో ఒడ్డు వైపు, నా వైపు చూసింది కూడా అలాగే. పడవ ఇంకొంచెం తిరిగింది. అతను కుడి చెయ్యి చాపి చుక్కాని పట్టుకున్నాడు. నెప్పి పెడుతున్న ఎడమ చెయ్యి కూడా దాని మీద వేశాడు. పళ్ళు బిగించి, పడవ ముక్కును అలకు ఎదురు తిప్పి పట్టాడు. తండ్రి మూడుసార్లు లాగాక ఇంజను అందుకుంది. చుక్కాని మాత్రం ఆయన తిరిగి అడగలేదు. ప్రభాకరే లంక దాకా తెచ్చాడు.

ఒడ్డున ఇసుకలో కూలబడ్డాను. అతను వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీరు ఆపమన్నారు కదండీ సార్" అన్నాడు. "నేను కూడా అదేనండి. ఆ రోజు బోటు తిరిగిపోగానే, ఆపుతారని చూసేనండి."

గదిలో జరిగేది అప్పుడు నా కళ్ళకు కట్టింది. శిక్షణలో ఉన్నవాడు తప్పు చెయ్యగానే నేను బొత్తాం నొక్కుతాను. గోడల మీద నీళ్ళు ఆగిపోతాయి, లైటు వెలుగుతుంది, మైకులో నా గొంతు వినిపిస్తుంది. "ఆపండి. మళ్ళీ మొదటి నుంచి." వెంటనే హ్యాండిల్ వదిలి చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. అదీ నేను పెట్టిన నియమమే. ఎన్ని వారాలు, రోజుకు ఎన్నిసార్లు! బోటు అదుపు తప్పితే చెయ్యి వదలాలని అతని చేతికి నేర్పింది నేను.

"కానీ నువ్వు పుట్టింది ఈ రేవులో కదా. ఇదంతా నీకు ముందే తెలుసు కదా."

ప్రభాకర్ చేతుల ఇసుక దులుపుకున్నాడు. "ఊళ్ళో నేర్చుకున్న అలవాట్లన్నీ గుమ్మం బయట వదిలి రండని మొదటి రోజున మీరే చెప్పేరండి సార్. నేను వదిలేసేను."

ప్రతి బ్యాచ్‌కూ ఆ మాట చెప్పేవాణ్ణి. బాగుంటుందని చెప్పేవాణ్ణి.

కొబ్బరి చెట్ల కింద దానియేలు గారిని అడిగాను, కొడుక్కి పడవ ఎలా నేర్పారని.

"నేర్పేనంటే ఏవుందండీ. ముందు ఖాళీ పడవ, నీళ్ళు నెమ్మదిగా ఉన్నప్పుడు ఇచ్చేను. తర్వాత మనుషులెక్కేక ఇచ్చేను. ఆ తర్వాత గాల్లో. మధ్యలో ఏం మాటాడేవోణ్ణి కాదండి. ఒడ్డుకొచ్చేక, భయం ఎక్కడేసిందిరా అని అడిగేవోణ్ణి. తప్పెక్కడ చేసేవంటే దాస్తారండి. భయం ఎక్కడేసిందంటే చెప్తారు. తప్పు కూడా అక్కడే ఉంటదండి."

దిండి

వాళ్ళు వెళ్ళనివ్వకపోతే ఆ రాత్రి అక్కడే ఉండిపోయి, మర్నాడు దిండి వెళ్ళాను. వంతెన దగ్గర, బ్యాక్‌వాటర్ ఒడ్డున ఒక కాఫీ కొట్టు. అక్కడ బల్ల మీద కూర్చుని విచారణకు ఇవ్వాల్సిన నా రిపోర్టు రాశాను. పట్నం నుంచి వచ్చిన వాళ్ళు బోటు షికారుకు ఎక్కుతూ కేరింతలు కొడుతున్నారు. నేను రాసిందే కొట్టేసి మళ్ళీ రాస్తున్నాను. రాసేది నిజమైతే నా పదిహేనేళ్ళ పని మీద గీత పడుతుంది. ఇంట్లో ఇద్దరు చదువుకునే పిల్లలు. మూడు కాఫీలు చల్లారిపోయాయి.

సాయంత్రం తిరిగొచ్చి మేరీ రత్నం గారికి చదివి వినిపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం తీసుకున్నారు. ఎర్ర పెన్సిలు లేదు గాని, వేలు సరిగ్గా ఒక చోట పెట్టారు.

"ఇక్కడ 'శిక్షణలో పొరపాటు జరిగింది' అన్రాసేరండి. ఎవరు చేసేరో రాయలేదు."

కాగితం వెనక్కి తీసుకుని, ఆ వాక్యం కొట్టేసి, ఆవిడ ముందే రాశాను. "శిక్షణ పద్ధతిలో పొరపాటు నేను చేశాను."

ఆవిడ చదివి తలాడించారు. ఆ ఇంట్లో ఆవిడ నావైపు చూసి నవ్వడం అదే మొదటిసారి. "ఆయ్. కాఫీ తెస్తానుండండి" అన్నారు.

ప్రభాకర్‌ను మాత్రం ఏమీ అడగలేదు. కల్నల్ గారి మాట గుర్తుంది.

తిరుగు బస్సు

నాలుగో రోజు పొద్దున రాజోలు బస్టాండులో నా పక్కన ఎవరో సంచీ పెట్టారు. చూస్తే ప్రభాకర్. ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో తల్లి కట్టిచ్చిన పొట్లం.

"నీకింకా సెలవుంది కదా?"

"ఉందండి సార్. వాళ్ళడిగేది నన్ను కదండీ. కాగితం మీద ఒక్క ముక్క రాసేసి ఇంట్లో కూకుంటే ఎలాగండి."

"ఏం చెబుతావు?"

"చెయ్యి వదిలింది నేనే అని చెప్తానండి. ఎందుకు వదిలేనో కూడా చెప్తానండి."

పొట్లంలో పూతరేకులున్నాయి. రావులపాలెం వంతెన మీద అతను నాకు ఒకటి ఇచ్చాడు. నీళ్ళ వైపు చూస్తూనే తిన్నాను.

విచారణ రెండు రోజులు జరిగింది. ప్రభాకర్ చెప్పింది చెప్పాడు, నేను రాసింది ఇచ్చాను. కల్నల్ గారు నా రిపోర్టు చదివి, "ఇది ఇస్తే ఏమవుతుందో తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. ఆ గది నా చేతిలోంచి తీసి ఒక చిన్న వయసు కెప్టెన్‌కు అప్పగించారు. నన్ను ఆయన కింద సహాయకుడిగా వేశారు. రెండేళ్ళు అలాగే చేశాను. మొదటి నెల నామోషీ అనిపించింది. తర్వాత ఆయన నా మాట వింటున్నాడని అర్థమైంది. కొత్త బ్యాచ్‌ను నెల ఆపి గదిని మార్చాం. బోటులో ఒక్కణ్ణి కాదు, నలుగుర్నీ కలిపి ఎక్కించాం. నీళ్ళ హోరు, జనం అరుపులు పెట్టాం. బోల్తా పడినా సరే, ఒడ్డు చేరేదాకా బొమ్మ ఆగదు. పక్కన అనుభవమున్న హవల్దారు ఒకాయన మాట్లాడకుండా కూర్చుంటాడు. బయటికొచ్చాక టీ. భయం ఎక్కడ వేసిందన్నది మొదటి ప్రశ్న. మార్కులు చివరి వారంలోనే. మొదట్లో అందరి మార్కులూ పడిపోయాయి. పైనుంచి చీవాట్లు వచ్చాయి. కెప్టెన్ ఓర్చుకున్నాడు.

ప్రభాకర్ భుజం నయమయ్యాక అదే గదిలో మళ్ళీ మొదటి పాఠం నుంచి చేసి బోటు దళంలోకి వెళ్ళాడు.

ఆ మరుసటి ఏడు వానాకాలంలో గోదావరి పొంగింది. మా దగ్గర నేర్చుకున్న వాళ్ళను లంక ఊళ్ళకు పంపారు. పొద్దున ఆరింటికి బోటు బయల్దేరిందని కబురొచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఆఫీసులో ఫోను పక్కన కూర్చున్నాను. కెప్టెన్ వచ్చి కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ వచ్చాడు. మధ్యాహ్నం ఒక ఫోను మోగితే ఇద్దరం ఒకేసారి ఎత్తబోయాం. కూరగాయల కాంట్రాక్టరు.

సాయంత్రం నాలుగున్నరకు మోగింది. వెనకాల జనం గోల, వాన చప్పుడు. గొంతు బొంగురుపోయి ఉంది.

"సార్, ప్రభాకర్నండి. మూడు ట్రిప్పులేసేవండి. అందరూ ఒడ్డుకొచ్చేరండి. మనోళ్ళు కూడా."

"నువ్వు బాగున్నావా?"

"బానే ఉన్నానండి. ఒక మామ్మ గారు మేకలు లేందే బోటెక్కనన్నారండి. రెండు మేకల్నీ ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవండి సార్. మొత్తం బట్టలు పాడుచేసేసేయండి."

కెప్టెన్ నా మొహం చూసి ఏం జరిగిందని కంగారుగా అడుగుతున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఫోను ఆయన చేతికిచ్చేశాను.